నేను తెల్లగా చేసిన కళ్ళు

నా భార్య కళ్ళు పచ్చబడ్డ రోజు నాకు తెలుసు. తేదీ తెలుసు, గంట తెలుసు, నిమిషం కూడా తెలుసు. ఖమ్మంలో డాక్టరు గారు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగినప్పుడు మాత్రం వారం పది రోజులుంటుందండీ అని చెప్పాను. అది తప్పని అప్పటికి నాకు తట్టలేదు. ఆమె పోయిన తర్వాత పాత ఫోటోలు తెరిచి చూసుకుంటే తెలిసింది.

ఏన్కూరులో రోడ్డు మీద నాకొక ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టివ్వడం. ఈ మధ్య పెళ్ళికి ముందు షూటింగు ఒకటి వచ్చింది. ప్రతి జంటా పర్ణశాలే తీసుకెళ్ళమంటుంది. అదే గోదావరి ఒడ్డు, అదే ఇసుక, అదే పడవ అంచు మీద అమ్మాయి కాళ్ళాడించడం, అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ముఖంలోకి చూడటం. ఒకసారి ఆల్బమ్‌లు తారుమారై, తల్లాడ వాళ్ళ ఆల్బమ్‌లో ఇంకో జంట పేజీ ఒకటి అంటుకుని వెళ్ళిపోయింది. నాలుగు రోజుల దాకా ఆ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఒకే ఫోటో తీస్తున్నానన్నమాట అనుకున్నాను.

అప్పట్లో ఫోటోలు తీసేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకదానిలో చేరాను. అందులో ఖమ్మంలో ఉండే ఒక పెద్దాయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు, మా అందరికీ గురువులాంటివాడు. నా గోడు విని ఆయన మెత్తగా చీవాట్లు పెట్టాడు. కొత్తది కావాలని ఊళ్ళు పట్టుకు తిరగడం మానెయ్యమన్నాడు. ఏడాదిపాటు నీ ఇంట్లోనే, నీ చేలోనే రోజుకొక ఫోటో తియ్యి, తెలిసిన చోట తెలియనిది కనపడే దాకా చూడు అన్నాడు. ముఖాలు తియ్యొద్దని కూడా షరతు పెట్టాడు. ముఖం ఎవరైనా తీస్తారట.

నేను పట్టుకుంటే వదిలే రకం కాదు. మరునాడే వంటింట్లో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి పది రోజులు ఏమీ కనపడలేదు. గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, పోపుల డబ్బా. వాటిని చూసి చూసి నాకే చిరాకొచ్చింది. పదకొండో రోజు ఆమె సిలిండరు పక్కకు జరిపి ఊడుస్తుంటే, దాని కింద గచ్చు మీద తుప్పు గుండ్రాలు కనపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, మేము ఆ ఇంట్లో కాపురం పెట్టినప్పటి నుంచి మార్చిన సిలిండర్లన్నిటి గుర్తులూ ఉన్నాయి. ఆ ఫోటో గ్రూపులో పెడితే మాస్టారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఇక నన్ను పట్టేవాడు లేడు.

ఆమె నోరు ఊరుకునేది కాదు. "గిన్నెలకేమన్న సంబంధాలు సూస్తున్నవా అయ్యా, పొద్దున్లేస్తే వాటికే ఫోటోలు?" అని పొరుగింటావిడకు వినపడేలా అనేది. అంటూనే గిన్నెను నాకు అనువుగా జరిపేది. మెల్లగా ఫోటోల్లోకి ఆమె కూడా వచ్చింది. ముఖం కాదు. బియ్యంలో రాళ్ళేరే వేళ్ళు, రేకుల పైకప్పులో చిల్లు నుంచి ఎనిమిదింటికి పడే వెలుగు భుజం మీదికి చేరినప్పుడు ఆ భుజం, తడికాళ్ళ గుర్తులు. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్లో అన్నీ చూసేది. కొన్నాళ్ళకు ఆమెకే కొత్తవి కనపడటం మొదలైంది. కిటికీ అద్దం మీద గంజి ఆవిరి పట్టినా, చాట మీద నీడ పడినా, జల్దీ రమ్మని కేకేసేది. నేను కెమెరాతో పరుగెత్తేవాణ్ణి. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంతగా ఆమెను చూసింది లేదు. ఆ ఏడాది మేము చాలా బాగున్నాం. ఇది చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకసారి కుక్కరు ఫోటో తీస్తే, దాని పిడి కింద సన్నటి పగులు ఫోటోలో కనపడింది. రోజూ తోమే ఆమె చేతికీ కంటికీ అది దొరకలేదు. అప్పటి నుంచి ఆమెకు తన కళ్ళకంటే నా కెమెరా మీద గురి ఎక్కువైంది. అటక మీద చెద పట్టిందేమో ఫోటో తీసి చూపమనేది. వీపు మీద పొక్కు లేస్తే ఫోటో తీసి చూపమనేది. చూసుకుని, అంతే కదా అని నిశ్చింతగా పనిలో పడేది. నాకది గర్వంగా ఉండేది.

మా అత్తకు తల్లాడ దగ్గర ఎకరంన్నర మిరప తోట ఉంది. మాఘమాసంలో కాయ ఏరేటప్పుడు ఏటా నా భార్య రోజూ పొద్దున వెళ్ళి తల్లికి సాయం చేసి రాత్రికి ఇంటికి వచ్చేది. ఘాటు తగలకుండా ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుని, తలకూ ముఖానికీ తువ్వాల చుట్టుకుంటారు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ముఖాలు తియ్యొద్దన్న మాస్టారి షరతుకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? ఒకరోజు మధ్యాహ్నం స్టూడియోకు తాళం వేసి అక్కడికి పోయాను. సాళ్ళ మధ్య వంగి ఉన్న ఆమెను పిలిచాను. నా పాత నీలం చొక్కాలో, ఒళ్ళో ఎర్రటి కాయలతో లేచి నిలబడి చూసింది. చుట్టూ ఎరుపు, మధ్యలో ఆ రెండు కళ్ళు. నొక్కిన మరుక్షణమే నాకు తెలిసిపోయింది, ఏడాదంతా నేను వెతికింది ఇదేనని.

సాయంత్రం కంప్యూటర్లో తెరిస్తే కంటి తెల్లగుడ్డు తెల్లగా లేదు. లేత పసుపుగా ఉంది. నాలుగు గంటల ఎండ అలాగే ఉంటుందిలే అని ఫోటో మొత్తం రంగు మార్చబోయాను. మారిస్తే ఆమె చుట్టుకున్న తెల్ల తువ్వాల నీలంగా తేలింది. అంటే తువ్వాల ముందే సరైన తెలుపులో ఉంది. ఎండలో పసుపుంటే తువ్వాల కూడా పచ్చగా కనపడాలి. కొత్తగా కెమెరా కొన్నవాళ్ళకు నేనే ఈ ముక్క చెబుతుంటాను. అయినా నా బుర్ర ఆ దారిన పోలేదు. మిరప ఘాటుకు కళ్ళు అలా అయి ఉంటాయనుకున్నాను. పెళ్ళి ఫోటోల్లో పళ్ళూ కళ్ళూ తెల్లగా చెయ్యడం మాకు రోజూ చేసే పనే. ఫోటోలో ఆ రెండు కళ్ళ వరకే గీత గీసి పసుపు తీసేశాను. టీ చల్లారేలోపే అయిపోయింది.

ఆ ఫోటోకు వచ్చినంత పేరు నాకు జన్మలో రాలేదు. ఖమ్మంలో మా గ్రూపువాళ్ళు నాలుగు రోజులు ఫోటోల ప్రదర్శన పెడితే అందరూ దీని ముందే నిలబడ్డారు. మాస్టారు నా భుజం తట్టి కళ్ళు మాట్లాడుతున్నాయన్నాడు. అంతకుముందే, ఫోటో తీసిన మర్నాడు పొద్దున, ఆమెకు ఫోన్లో పంపితే రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"నా కండ్లు గింత తెల్లగున్నయా?" అని అడిగింది.

మురిపెం పోతోందనుకున్నాను. నీవి కాక ఎవరివి మరి అని నవ్వి, స్టూడియోకు వెళ్ళిపోయాను.

తర్వాత రెండు నెలలు నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. ఒళ్ళు దురద అనేది. మిరప తోటకు పోయి వచ్చినవాళ్ళందరికీ ఉండేదే కదా అన్నాను. మోచేతి మీద గోకిన గీతలు అడ్డంగా పడ్డ వెలుగులో బాగున్నాయని తీశాను. సగం తిని వదిలేసిన కంచం మీద మెతుకుల నీడలు తీశాను. గాజులు మణికట్టు దాటి పైకి పైకి జారుతుంటే అదీ తీశాను. ప్రతిరోజూ ఏదో ఒక కొత్తది దొరుకుతోందని మురిసిపోయాను. వంటిల్లు అదే, గిన్నెలు అవే. మారుతున్నది ఆమె ఒక్కతే. ఆ సంగతి నాకు తట్టలేదు. నా అంత గుడ్డివాడు మా మండలంలో లేడు.

చివరికి కనిపెట్టింది పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూడియోకు వచ్చిన ఒక ముసలావిడ. నాకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన నా భార్యను గుమ్మం వెలుగులో ఒక్కసారి చూసి, "బిడ్డా, నీకు కామెర్లున్నయే" అంది. ఒక్క చూపు. ఆమె చేతిలో కెమెరా కూడా లేదు.

మూడు రోజులు పసరు తాగించాం. తగ్గకపోతే ఖమ్మం తీసుకెళ్ళాను. అక్కడ స్కానింగు చేసి హైదరాబాదు పెద్ద దవాఖానాకు పంపారు. కాలేయం నుంచి పైత్యరసం దిగే దారిలో గడ్డ. రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే కోసి తీసేసే వీలుండేదనీ, ఇప్పుడు పక్కలకు పాకిందనీ చెప్పారు. ఆ దారి తెరుచుకోవడానికి గొట్టం వేశారు. కళ్ళ పసుపు కొంచెం తగ్గింది. ఆమె తనకేమీ కానట్టు నాకే ధైర్యం చెప్పేది. వానలు పడి పత్తి గింజలు పెట్టే రోజుల్లో, దవాఖానాలోనే, పగటిపూట, నేను మందుల చీటీ పట్టుకుని కిందికి పోయి వచ్చేసరికి పోయింది.

పెద్దకర్మకు ఫోటో కావాలి కదా. ఎంతమంది ఇళ్ళకు అలాంటి ఫోటో ఫ్రేము కట్టి ఇచ్చానో లెక్కలేదు. మా ఇంటి వంతు వస్తే, వేలకొద్దీ ఫోటోల్లో ఆమె ముఖం లేదు. చివరికి ఎవరిదో పెళ్ళిలో గుంపులో నిలబడ్డ ఫోటో నుంచి కత్తిరించి ఫ్రేము కట్టాను. వెతికేటప్పుడే మిరప తోట ఫోటో కంటపడింది. మార్చకముందు ఎలా ఉందోనని వెనక్కి తెరిచాను. రెండు కళ్ళలో పసుపు మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కన తేదీ, గంట, నిమిషం. ఆ రోజు నుంచి స్టూడియోలో ముసలావిడ ఆ మాట అన్న రోజు దాకా వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. రెండు నెలల మీద పదకొండు రోజులు.  

చూసి కూడా చూడలేకపోయానన్న బాధతో బతకాలి కాబోలు అనుకున్నాను. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉందని పెద్దకర్మ అయిపోయిన సాయంత్రం తెలిసింది. చుట్టాలంతా వెళ్ళిపోయాక మా అత్త వసారాలో కూర్చుని ఉంది. మాటల మధ్యలో, ఎవరినీ తప్పుపట్టకుండా, తన కూతురి అమాయకత్వం గురించి చెబుతున్నట్టుగా చెప్పింది.

"తోటల ఉన్నప్పుడే నాతోని అన్నది అల్లుడా. అద్దంల సూసుకుంటే కండ్లు పచ్చగ కొడుతున్నయ్ అమ్మా అని. దవాఖానాకు పోదాం పా అన్న. అవ్, పోదాం అన్నది. మర్నాడు ఫోను తెచ్చి నాకు సూపిచ్చింది. ఇగో, మీ అల్లుడు తీసిండు, తెల్లగనే ఉన్నయ్, అద్దమే పాతదై గట్ల కనపడుతుంది అన్నది. నేను గూడ సూసిన. తెల్లగనే ఉండె. ఇగ ఊకున్నం."

తల్లి ఇంట్లోని ఆ అద్దాన్ని నా భార్య అవతల పారేయించిందట కూడా.  చెప్పాలనుకున్నాను. అత్తా, ఆ తెలుపు నేను పెట్టింది అని నాలుక చివరి దాకా వచ్చింది. మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, కత్తిరించిన ఫోటో తనకొద్దనీ, తోటలో తీసిన ఆ ఫోటోనే పెద్దది చేసి ఇమ్మనీ అడిగింది. తన బిడ్డ ఏ రోగమూ లేకుండా ఉన్న ఆఖరి ఫోటో అదేనంది.

రెండు రోజులు కంప్యూటర్లో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత తెల్ల కళ్ళదే ప్రింటు తీసి, ఫ్రేము కట్టి, తల్లాడ తీసుకెళ్ళి ఆమె చూపించిన చోట మేకు కొట్టాను. నెలకొకసారి వెళ్ళి అత్తను చూసి వస్తాను. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళను ఫోటో దగ్గరికి తీసుకుపోయి, "సూడుండ్రి, మాఘంల గూడ నా బిడ్డ ఎంత మంచిగుండెనో" అంటుంది. వాళ్ళు చూసి, అవునంటారు. నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉంటాను. ఇంకా చెప్పలేదు.