గోడ దాటిన కేక

ఉమ్ గస్సాన్ పొట్టి మనిషే గానీ, పెళ్లిళ్లలో నాలుకాడిస్తూ ఆమె పెట్టే సంబరపు కేకకు పాలస్తీనా ఊరు అబూ దీస్‌లో పావురాలన్నీ ఎగిరిపోతాయి. ఇజ్రాయెల్ కట్టిన గోడ వీధి మధ్యగా వచ్చి, ఎదురింటి చెల్లెల్ని అవతల పడేసింది. ఆ చెల్లెలి కూతురు రుబా పెళ్లికి వెళ్లడానికి ఉమ్ గస్సాన్‌కు సైన్యం అనుమతి ఇవ్వలేదు. పొద్దున ఏడ్చిన మనిషి, మధ్యాహ్నానికి ఎర్ర దారాల కుట్టుపనితో మెరిసే గౌను తొడుక్కుని మేడెక్కింది. అవతల ఉన్నట్టుండి మేళం ఆగింది.

"పెద్దమ్మ కేక వినందే గడప దాటనంటోందక్కా రుబా!" అని చెల్లెలు అరిచింది.

ఉమ్ గస్సాన్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని అందుకుంది. కావలి బురుజులో సైనికుడు చెవులు మూసుకున్నాడు.

"ఇక చాలక్కా, పిల్ల కారెక్కి వెళ్లిపోయింది!"

"వెళ్లనీవే! దాని అత్తారింటిదాకా వినపడొద్దూ?"