మా మామ గురించి ఆ నటుడు రాసిన పేజీ

పుస్తకంలో ఆ ముక్క లేదు. మూడుసార్లు వెతికాను. భూతద్దం పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ వరుస వరుసా చూశాను. బద్వేలు పేరుంది. రాజు వేషం ఉంది. జనం కొట్టిన చప్పట్లున్నాయి. హార్మోనియం మాత్రం లేదు. పుస్తకంగా అచ్చు వేసేటప్పుడు ఎవరో పెద్దమనిషి, ఇది అనవసరం అనుకుని కొట్టేసి ఉంటాడు. ఏది అవసరమో ఏది అనవసరమో తేల్చడానికి ఆయనెవరు? ఆయన బద్వేలు చూశాడా? మా మామను చూశాడా?

ఆ నటుడి పేరు రాయను. పోయిన మనిషితో నాకు తగవు లేదు. నా తగవంతా కొట్టేసినవాళ్ళతోనే. ఎందుకంటే యాభైల్లో ఆయన జీవితకథ మద్రాసు నుంచి వచ్చే సినిమా వారపత్రికలో వారం వారం పడుతున్నప్పుడు, ఆ ముక్కను అక్షరం అక్షరం చదివినవాణ్ణి నేను. మామూలుగా చదవడం కాదు, మా మామకు ఎదురుగా కూర్చుని పైకి చదివాను.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. టూరింగు టాకీసు గోడ మీద అంటించిన పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే పెద్ద అక్షరాలు ఎంత దూరం నుంచైనా చదివేవాణ్ణి గానీ, పత్రికలో చీమల బారులాంటి అక్షరాలు కనబడితే నాకు చెమటలు పట్టేవి. ఒక పేజీ చదివేసరికి ఒక పొద్దు పోయేది. రోజుకు ఒక పేజీ, అదీ మా లెక్క.

మాది ఎర్రగుంట్ల రైల్వే స్టేషనుకు ఎద్దులబండి దూరంలో ఉండే చేనేతల ఊరు. ఇంటికొక గుంట మగ్గం. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాను. మామకు మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. అత్త అప్పటికే పోయింది. మామ వయసులో ఉన్నప్పుడు మగ్గం వదిలేసి నాటకాల వాళ్ళ వెంట హార్మోనియం పట్టుకుని కడప, కర్నూలు, ఆదోని అని తిరిగాడట. పెళ్ళయ్యాక మళ్ళీ మగ్గంలో దిగాడు. నేను వచ్చేసరికి చూపు తగ్గి నేత మానేసి, నూలు పని మాత్రం చూసుకునేవాడు. హార్మోనియం పెట్టె అటక మీద ఉండేది. దాని సంగతి ఆయన ఎత్తేవాడు కాదు.

ఎత్తింది నా భార్య. అదీ తనకు ఎనిమిదేళ్ళప్పుడు. ఒకనాడు మామ ఏదో మాట మీద కూతురికి బద్వేలు సంగతి చెప్పాడట. కొత్తగా రాజు వేషం కట్టిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, పద్యం ఎత్తుకోవడానికి చెయ్యెత్తి నిలబడ్డాడు. శ్రుతి ఇస్తే గొంతు రాలేదు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. పద్యం మొత్తం మరిచిపోయాడు. ముందు కూర్చున్న రైతులకు ఆ పద్యాలన్నీ నోటికొచ్చు. ఒక్క పాదం తప్పినా లేచి నిలబడి తామే పాడేస్తారు, ఆ తర్వాత ఆ నటుణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ వేదిక ఎక్కనివ్వరు. మామ రాగం అందుకుని, ఆపకుండా వాయించాడు. మధ్యమధ్యలో ఆ పద్యం ఎత్తుగడ వరసను హార్మోనియం మెట్ల మీద పలికించి, మళ్ళీ రాగంలోకి పోయి, మళ్ళీ ఎత్తుగడ పలికించి, కుర్రవాడికి మొదటి మాట తట్టేదాకా లాగాడు. తట్టింది. పాడాడు. వన్స్ మోర్ మూడుసార్లు పడింది. పద్యానికి వన్స్ మోర్ పడితే మా సీమలో మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపోయిన వేషమైనా లేచి పాడి మళ్ళీ పడుకోవాలి.

ఆ పిల్ల ఊరుకుంటుందా? మర్నాడే నీళ్ళ బావి దగ్గర చెప్పేసింది, మా నాయన లేకుంటే ఆ నటుడే లేడని. అప్పటికి ఆయన సినిమాల్లో పేరు తెచ్చుకుని ఉన్నాడు. అంతే, వీధికి అది పండగైంది. మామకు సినిమా తాత అని పేరు పెట్టారు. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సావుకారైతే పదేళ్ళు దాటినా ఆ ఎగతాళి వదల్లేదు. కనపడినప్పుడల్లా, "ఏమప్పా, మీ శిష్యుడు మద్రాసు నుంచి కారు పంపించినాడా?" అనేవాడు. మామ నవ్వి, చిన్నపిల్ల ఏదో అనింది లేప్పా అని సాగిపోయేవాడు. తను నిజమే చెప్పానని గానీ, కాదని గానీ ఎక్కడా అనలేదు. నా భార్యకు మాత్రం అది లోపల ముల్లై కూర్చుంది. తన నోటి వల్ల తండ్రి అబద్ధాలకోరయ్యాడని.

అందుకని, ఆ నటుడు తన కథ రాస్తున్నాడని తెలిసిన రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరం ఆమెకే. కాఫీ హోటల్లో ఆ పత్రిక వేయించుకునేవాళ్ళు. వారం పాతబడ్డాక అది బోండాలు చుట్టడానికి పోయేది. ఆ లోపల నేను అడిగి తెచ్చుకునేవాణ్ణి. మధ్యాహ్నం మగ్గం ఆపి, గుంట గట్టు మీద కూర్చుని చదివేవాణ్ణి. మామ గోడకానుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆయన పుట్టుక, చిన్నతనం, ఇంట్లోంచి పారిపోవడం, నాటకాల్లో ఆడవేషాలు, అన్నీ విన్నాం. వారం వారం ఆమె అదే అడిగేది. బద్వేలు వచ్చిందా?

ఒకనాడు వచ్చింది.

చదివేటప్పుడు నా గొంతు ఎట్లా ఉందో నాకిప్పటికీ గుర్తే. మొదటిసారి రాజు వేషం కట్టింది బద్వేలులో అని రాశాడు. రాట్నం ఆగింది. ఆ రోజు హార్మోనియం వాయించిన మనిషి ఎంతకీ ఆపలేదని రాశాడు. తన వేళ్ళ ముచ్చట తీర్చుకుంటున్నాడే గానీ, చెయ్యెత్తి నిలబడ్డ తనను పట్టించుకోలేదనీ, తనకు ఒళ్ళు మండిపోయిందనీ రాశాడు. అక్కడికి పేజీ అయిపోయింది.

మామ కళ్ళు తెరిచి, "ఈ పొద్దుకు చాల్లేప్పా" అన్నాడు. లేచి వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అప్పుడే మగ్గం మీద నుంచి కోసిన చీర మడత పెడుతున్నాను. జరీ అంచు ఉన్న చీరలకు మడతల మధ్య కాగితం పెట్టడం మా అలవాటు, అంచు అంచుకు రాసుకోకుండా. ఆ పేజీ చించి, నీ గొప్పలకు ఇదే చోటు అనుకుంటూ మడతలో పెట్టాను. సాయంత్రం ఆ చీర సావుకారు ఇంటికి పోయింది. చదివేది రోజుకో పేజీ అయితే, చించింది రేపు చదవాల్సిన పేజీని కూడా అన్న సంగతి నాకు తట్టనేలేదు. కాగితానికి వెనక వైపు ఉంటుందని తెలియనివాడెవడైనా ఉంటాడా? ఉన్నాడు, నేనే.

తర్వాత నాలుగు రోజులు మామ నూలు ముట్టలేదు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. అంతే. వీధిలోనూ హోటల్లోనూ అప్పటికే అందరూ చదివేసి ఉన్నారు. ఎగతాళికి పనికొచ్చే ఆ ఒక్క మాటే ఏరుకుని, మీ మామ ఎంతకీ ఆపలేదంట గదా అని నన్ను పట్టుకుని నవ్వారు. నేను ఇద్దరితో కొట్లాడాను కూడా. దానివల్ల ఒరిగిందేమీ లేదు, చొక్కా చిరిగింది.

ఐదో రోజు నా భార్య అడిగింది.

"ఆయప్ప రాసింది అంతేనా? వెనక ఇంగేమన్నా ఉండాదా?"

చూడలేదన్నాను. కాగితం ఏదీ అంది. చెప్పాను.

"ఉండేదంతా చదవకుండానే చించినావా? చదువుకున్నోడివి."

నేను ఎన్నో మాటలు పడ్డాను గానీ, ఆ ఒక్క మాట లాగా ఏదీ తగల్లేదు. ఏమైనా రాసి ఉండనీ, మంచో చెడో మొత్తం మా నాయన వినాల అంది. నేను చొక్కా వేసుకుంటుంటే మామ లేచి, నేనూ వస్తాండా పద అన్నాడు.

సావుకారు ఇంటి పెద్ద అరుగు మీద చీరలు దొంతర్లుగా ఉన్నాయి. మర్నాడు కర్నూలుకు పోయే మూట కోసం ఎత్తిపెట్టినవి. సంగతి చెబితే సావుకారు ముందు నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. మడతలన్నీ విప్పితే మళ్ళీ ఎవరు పెడతారన్నాడు. నేనే పెడతానన్నాను. నా చేత్తో నేసిన చీరల్ని ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయాను. ఒకదాంట్లో పోయిన సంవత్సరం క్యాలెండరు, ఒకదాంట్లో పంచాంగం ముక్క, ఒకదాంట్లో సబ్బు ప్రకటన. సావుకారు పక్కన కూర్చుని, కారు దొరికిందా అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉన్నాడు. మామ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడా కూర్చోలేదు.

కాగితం దొరికింది. తిప్పి, అక్కడే చదవడం మొదలుపెట్టాను. ఇంటిదాకా ఆగే ఓపిక నాకు లేదు, మామకూ లేదు.

ఆ నటుడు రాసింది ఇప్పటికీ నాకు కంఠస్థం, ఆయన మాటల్లోనే చెబుతాను. చెయ్యి దించితే పరువు పోతుంది, కదిలితే జనం నవ్వుతారు. అందుకని ఎదురుగా వెలుగుతున్న పెట్రోమాక్సు లైటు వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మెల్లగా జనం మాటలు ఆగిపోయాయి. అంతమంది నా వైపే చూస్తున్నారని తెలిసింది. ఆ తర్వాత పద్యం ఎత్తుకుంటే అది నాది కానంత బాగా వచ్చింది. మాట లేకుండా, కదలకుండా నిలబడి కూడా జనాన్ని పట్టి ఉంచవచ్చునని నేను ఆ రోజే నేర్చుకున్నాను. సినిమాల్లో నన్ను నలుగురూ మెచ్చుకున్నది ఆ నిలబడడాన్నే. ఆ హార్మోనియం మనిషి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఆయన ఎక్కడ ఉన్నాడో, ఉన్నాడో లేడో.

చదవడం అయిపోయింది. సావుకారు తాంబూలం నమలడం ఆపాడు. మామ ఇంకొకసారి చదవమన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి అయ్యాక అడిగాడు.

"పద్యం మరిచిపోయినట్ల యాడన్నా రాసినాడా?"

"లేదు మామా. ఆ మాటే ఎత్తలేదు."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. సిగ్గుపడి దాచుకున్నాడన్నాను. ఈ రోజే పత్రికకు ఉత్తరం రాస్తాను, ఆ హార్మోనియం మనిషి ఉన్నాడు, ఫలానా ఊళ్ళో ఉన్నాడు, అసలు జరిగింది ఇదీ అని రాస్తాను అన్నాను. మామ చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆయన ముఖంలో నాలుగు రోజుల నుంచీ ఉన్న చీకటి లేదు.

"దాచుకోలేదప్పా. మరిచిపోయినానన్న సంగతే మరిచిపోయినాడు. అంటే నేను బాగనే వాయించినా."

నేను ఏదో అనబోయాను.

"ఆ పొద్దు అంతమందికి తెలీకుండా దాచింది ఈ పొద్దు చాటించేదానికా? రాయద్దు. తనంతట తానే నిలబడినాననుకోనీ."

సావుకారు తాంబూలం ఉమ్మేసి వచ్చాడు. తర్వాత, ఆ కాగితం నువ్వే పెట్టుకో పెద్దాయనా అన్నాడు. ఆ ఎగతాళి మనిషి నోట మా మామకు పెద్దాయన అన్న మాట వినడం అదే మొదలు. మామ వద్దన్నాడు. కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, తడుముకుంటూ అంచులు సరిచేసి, అదే చీర మడతలో పెట్టాడు. జరీ రాసుకుంటాదప్పా అన్నాడు. ఆ చీర ఎవరి ఒంటి మీదికి పోయిందో, ఆ కాగితం ఏ పొయ్యిలోకి పోయిందో. అందుకే ఈ రోజు పుస్తకం ముందు పెట్టుకుని నేనెంత అరిచినా చూపించడానికి నా దగ్గర రుజువు లేదు. మామ మాట మీద అరవై ఏళ్ళకు పైగా నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆయనా లేడు, ఆ నటుడూ లేడు. తెలిస్తే తూలిపడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపల మామే చెప్పాడు, రాసినాడమ్మా అని. ఏమని అంది. నేను వాయించినంతసేపూ తాను నిలబడినాడంట, అన్నాడు. ఆమె ఆశగా నా వైపు చూసింది.

"పద్యం పోయిన సంగతి?"

రాయలేదన్నాను. ఆమె తలవంచుకుంది. అట్లయితే నేను చెప్పింది అబద్ధమనే కదా అందరూ అనుకునేది, అంది. మామ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది.

"అనుకోనీమ్మా. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంగెవురికి తెలియాల?"

కాగితం ఏదని అడిగింది. చీరలోనే ఉందని తెలిశాక మా ఇద్దరినీ కలిపి తిట్టింది. ఒకాయన చదవకుండా చించుతాడు, ఒకాయన దొరికినదాన్ని మళ్ళీ పారేస్తాడు, ఈ ఇంట్లో నాకు ఇద్దరు దొరికినారు అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. మా ఇంట్లో రోజూ సంగటే. బియ్యం పండక్కి మాత్రమే. ఆమె అటక మీది కుండ దించి, చేట నిండా బియ్యం పోసుకుని వాకిట్లో రాళ్ళు ఏరడానికి కూర్చుంది.

"ఏమమ్మా, ఈ పొద్దు పండగా?" అన్నాడు మామ.

ఆమె తలెత్తలేదు. "నీకు తెలీకుంటే నేనేం చెప్పేది నాయనా" అని, ఏరిన రాళ్ళు పక్కకు వేస్తూనే ఉంది.