మేడ మీది వాటా ఖాళీ అయిన రోజు

మా వీధిలో అందరూ ఆవిడను టైలరు పిన్ని అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆవిడ పని. కింది వాటాలో ముందు గదంతా కుట్టుమిషన్లు, కత్తిరింపు బల్ల, నీలం బట్ట తాన్లు. మేడ మీది రెండు గదులూ క్లారినెట్ మేస్త్రికి అద్దెకిచ్చింది. అతను పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండుకు పెద్ద. ఒంటరివాడు, నలభై దాటినవాడు, ఒకరి జోలికి పోనివాడు. అలాంటివాణ్ణి పిన్ని ఖాళీ చేయించాలనుకున్నది చెల్లెలి కోసం.

చెల్లెలు ఆసుపత్రి లాండ్రీ పని నుంచి రిటైరవుతోంది. రిటైరైతే క్వార్టరు వదిలేయాలి. పెళ్ళిళ్ళయ్యాక అక్కాచెల్లెళ్ళు ఒక ఇంట్లో ఉన్నది లేదు. ఇప్పుడు ఇద్దరికీ భర్తలు పోయారు. ఇకనైనా ఒకచోట ఉందామని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. “మేడ మీద నువ్వు, కింద నేను. పోట్లాడుకున్నా మధ్యలో మెట్లుంటాయి” అని పిన్ని మాటిచ్చేసింది.

మేస్త్రికి చెబితే వెంటనే సరేనన్నాడు. కానీ కదల్లేదు. అడిగినప్పుడల్లా చూస్తున్నాను పిన్నీ అనేవాడు. కొన్నాళ్ళకు ఆవిడ కనిపిస్తే మొహం చాటేయడం మొదలుపెట్టాడు. వీధిలో సలహాలకేం కొదవ? ఒకరు నీళ్ళు ఆపెయ్యమన్నారు. ఇంకొకరు, అతను పెళ్ళి వాయించడానికి వెళ్ళినప్పుడు తాళం మార్చెయ్యమన్నారు. పిన్నికి మనసొప్పక ప్లీడరమ్మ దగ్గరికి వెళ్ళింది. అలాంటి పనులు చేస్తే తప్పు మీ నెత్తినే పడుతుందని ఆవిడ గట్టిగా చెప్పింది. ముందు నోటీసు, దానికో గడువు, అప్పటికీ కదలకపోతే కోర్టు. పిన్ని ఆ వరసలోనే నడిచింది. నోటీసు ఇచ్చినా మేస్త్రి ఉలకలేదు, పలకలేదు. చివరికి దావా వేయక తప్పలేదు.

చిక్కేమిటంటే, మా వీధి నుంచి కోర్టుకు పొద్దున వెళ్ళేది ఒకటే బస్సు. మొదటి వాయిదాకు ఇద్దరూ స్టాపులో చెరో చివర నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎక్కారు. రెండోసారి వాన కురుస్తుంటే అతను గొడుగు ఆవిడ మీదికి జరిపాడు. మూడోసారికి పిన్ని డబ్బాలో ఇద్దరికి సరిపడా అన్నం పెట్టింది. వాదికీ ప్రతివాదికీ పొత్తు భోజనమేమిటని ప్లీడరమ్మ కసురుకుంటే, ఆకలికి ఆ తేడాలేం తెలుస్తాయమ్మా అంది.

సాక్ష్యం రోజున జడ్జిగారు మేస్త్రినే అడిగారు, ఇల్లెందుకు ఖాళీ చేయవని.

“నాకు ఎవరూ ఇల్లివ్వరండి. చూసిన ప్రతిచోటా మాటలన్నీ అయిపోయి, చేతిలో ఆ పెట్టేమిటని అడుగుతారు. క్లారినెట్ అంటే తలుపేస్తారు.”

ప్లీడరమ్మ దావాలో సొంత అవసరంతో పాటు చప్పుడు బాధ కూడా రాసింది. అందుకని జడ్జిగారు పిన్ని వైపు తిరిగి, అతని వాయిద్యం మీకంత ఇబ్బందిగా ఉందా అని అడిగారు. పిన్ని బోనులో ప్రమాణం చేసి ఉంది.

“లేదండి, బాగా వాయిస్తాడు. నా మిషను కూడా ఆ పాటకే తిరుగుతుంది. ఇబ్బందల్లా మా చెల్లెలికి ఇల్లు కావాల్సి రావడమే.”

ప్లీడరమ్మ తల పట్టుకుంది. జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి కాగితాలు తిరగేశారు. సొంత అవసరం నిజమేనని తీర్పు పిన్నికే వచ్చింది. మేస్త్రికి ఇల్లు చూసుకోవడానికి గడువిచ్చారు.

తిరుగు బస్సులో పిన్ని నిలదీసింది. “ఈ ముక్క నాతో ఒక్కసారైనా అనొచ్చు కదా?”

“అంటే మీరు జాలిపడి ఉండమంటారు. అప్పుడు మీ చెల్లెలు వీధిన పడుతుంది. ఏం చేయాలో తోచక ఊరుకున్నాను.”

మర్నాటి నుంచి పిన్ని మిషనుకు మూత పెట్టి అతనితో పాటు ఇళ్ళవేటలో పడింది. కాళ్ళరిగేలా తిరిగారు. అతని గుణగణాలు ఆవిడ దండకంలా చదివేది. అంతా విని ఇంటివాళ్ళు, ఇంత బంగారమైతే మీరెందుకు పంపేస్తున్నారు అనేవారు. ఆ ప్రశ్న దగ్గర ఇద్దరికీ నవ్వొచ్చేది, నవ్వితే ఇల్లు పోయేది. ఈలోగా గడువు ముగిసింది. చెల్లెలి క్వార్టరుకూ రోజులు దగ్గరపడ్డాయి. ఇంటి స్వాధీనం కోసం పిన్ని మళ్ళీ అర్జీ పెట్టింది. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా ఏ రోజు వస్తాడో తెలియగానే మేడెక్కి తనే చెప్పింది. తేదీ తేదీయే, వెతుకుడు వెతుకుడే అంది. మేస్త్రి తలూపాడు.

ఇంకో రెండు రోజుల్లో అమీనా వస్తాడనగా పిన్ని పిండిమరకు వెళ్ళింది. మర హోరులో, డబ్బా ఎప్పుడిస్తావని గొంతు చించుకుని అడుగుతూ అడుగుతూ ఆగిపోయింది. పైకి చూసింది. మర మీద గది తలుపుకి తుప్పు పట్టిన తాళం. ఆ మోతకు ఎవరూ నిలవక ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. మర ఆపించి సంగతి చెప్పింది. మరాయన పిండి మొహం విప్పారింది.

“మర ఆడుతుంటే ఆయన ఏనుగును తెచ్చి ఘీంకరింపజేసినా నాకు వినపడదు.”

“మరి ఆపాక?”

“పొద్దంతా ఈ మోత విన్న చెవులమ్మా. ఆపాకే కదా నాకు పాట కావాలి.”

మోత నీకు బాధ కాదా అని మేస్త్రిని అడిగితే, పక్కన పెద్ద డోలు పెట్టుకుని ఇన్నేళ్ళు ఊదినవాణ్ణి, నాకు ఈ మర ఒక లెక్కా అన్నాడు.

అమీనా ఇలాంటి రోజుల్లో ఏడుపులూ శాపనార్థాలూ వినడానికి అలవాటుపడ్డ మనిషి. తాళంకప్పతో, ఇద్దరు జవాన్లతో బిగుసుకుని వచ్చాడు. మా వీధిలో మాత్రం పెళ్ళి దగ్గర్నుంచి నేరుగా వచ్చిన బ్యాండువాళ్ళు ఎర్రకోట్లతోనే మంచాలు దించుతున్నారు. పిన్ని మెట్ల దగ్గర నిలబడి అద్దం జాగ్రత్త, అద్దం జాగ్రత్త అని కేకలేస్తోంది. ఆ అద్దం మలుపులో ఇరుక్కుంటే అమీనా టోపీ తీసి పక్కన పెట్టి ఒక చివర పట్టుకున్నాడు. ఆ తర్వాత ఖాళీ గదులన్నీ పద్ధతిగా చూసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, తాళంచెవి పిన్ని చేతిలో పెట్టాడు. ఈ ఉద్యోగంలో చేరాక తనను టీ తాగి వెళ్ళమన్న ఇల్లు ఇదొక్కటేనని చెప్పి కూర్చున్నాడు.

సామానుబండి ముందు డోలు, వెనక బాకాలు. పిండిమర దాకా వీధి మొత్తం నడిచింది. పిన్ని అందరికంటే ముందు నడిచింది.

మూడో రోజున చెల్లెలు దిగింది. మంచం కిటికీ కింద వేయాలని ఆవిడ, గాలికి పడిశం పడుతుందని పిన్ని, సామాను సర్దకముందే పోట్లాడుకున్నారు. మంచం కిటికీ కిందికే చేరింది. మధ్యాహ్నం కుట్టుపని తగ్గాక పిన్ని మెట్లెక్కి వెళ్ళి ఆ మంచం మీదే నడుం వాల్చింది. చెల్లెలు పక్కనే కూర్చుని, ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన ఇన్నేళ్ళ కబుర్లూ మొదటినుంచి మొదలుపెట్టింది.