నాలుక మీద గరుకు

మా క్లెమ్ హేడన్ కుడి బొటనవేలిని ఎముకదాకా కొరికిన చేప ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చిలో మూడో బల్ల మీద కూర్చుంటుంది. చేతులు జోడిస్తుంది. పాట కూడా పాడుతుంది, కాస్త అపశ్రుతిలో. సరే, చేప అనడం కొంచెం ఎక్కువే. కొరికిన మాట మాత్రం నిజం, ఎముకదాకా అన్నదీ నిజమే.

క్లెమ్‌కి అరవై ఏడేళ్ళు. నలభై ఏళ్ళు విస్కీ గిడ్డంగిలో పీపాలు దొర్లించిన మనిషి. భుజాలు ఇంకా దూలాల్లాగే ఉన్నాయి గాని కళ్ళకు శుక్లాలొచ్చాయి. పది గజాల అవతల ఉన్నది మనిషో మొద్దో, అది మాట్లాడేదాకా తెలియదు. అయినా చేపను పోల్చడంలో ఆయన్ను మించినవాడు మా కౌంటీలో లేడు. ఎందుకంటే ఆయన చూడడు, నోట్లో బొటనవేలు పెడతాడు.

మా చెరువులో బాస్ చేపలు రెండు రకాలు. ఒకటి పెద్దనోటిది. రెండోది మచ్చలది, దాన్ని మేం మా రాష్ట్రం పేరుతో కెంటకీ అనే అంటాం. రెండూ పచ్చగానే ఉంటాయి, రెండింటి పక్కనా నల్లచార ఉంటుంది. పెద్దనోటిదాని దవడ కన్ను దాటి వెనక్కి పోతుందనీ, కెంటకీ దవడ కన్ను కిందే ఆగుతుందనీ కళ్ళున్నవాళ్ళు చెబుతారు. కాని నోరు తెరిస్తే ఒకలా, మూస్తే ఒకలా కనిపించే దవడను అడ్డం పెట్టుకుని చాలామంది చాలా కోతలు కోశారు. కెంటకీ నాలుక నడుమ గోరంత మేర గరుకు కాగితంలా ఉంటుంది. పెద్దనోటిదాని నాలుక నున్నన. చీకట్లోనైనా, బురదలోనైనా వేలికి తెలిసిపోతుంది.

క్లెమ్‌కి ఈ విద్య నేర్పింది అన్న ఆంబ్రోస్. ఇద్దరూ సిస్టర్ల బడిలో చదువుకునే రోజుల్లో బడి ఎగ్గొట్టి చెరువుకి పోయేవాళ్ళు, మర్నాడు సిస్టర్ పెర్పెచువా చెక్క స్కేలుతో ఇద్దరి వేళ్ళూ ఒకేలా వాచేవి. ఆంబ్రోస్ ముప్ఫై ఏళ్ళ కిందట గిడ్డంగిలో పై అరనుంచి జారిన పీపా కింద పడి చనిపోయాడు. పెళ్ళాం పిల్లలు లేరు. ఆయన పేరు ఇప్పుడు రెండుచోట్లే ఉంది. ఒకటి సమాధి మీద. రెండోది వర్జీ ఎరల కొట్టులో వేలాడే చెక్క పలక మీద: కెంటకీ, పంతొమ్మిదింబావు అంగుళాలు, ఆంబ్రోస్ హేడన్. పలక మీద రకానికి ఒక్క పేరే. ఎవడైనా ఇంకా పెద్దది పడితే వర్జీ పాత పేరును చిత్రికతో గీకేసి కొత్తది చెక్కుతుంది. కొలబద్ద మీద చేపను పడుకోబెట్టి ఫొటో తీయాలి, వెంటనే నీళ్ళలో వదిలేయాలి. వర్జీకి ఫొటో చాలు. ఫొటోలో నాలుక కనబడదు.

ఏప్రిల్‌లో, సన్నగా తుంపర పడుతున్న ఒక పొద్దున, చెరువు మీద రెండే కయాక్‌లున్నాయి. ఒకటి క్లెమ్‌ది. రెండోది అక్క రోజెల్లా మొగుడు డెల్బర్ట్‌ది. డెల్బర్ట్ ముప్ఫై ఏళ్ళుగా ఆ పలక మీద పేరు కోసం చేపలు పడుతున్నాడు. లైఫ్ జాకెట్ వేసుకోడు, మడిచి కింద వేసుకుని కూర్చుంటాడు.

“ఒరే క్లెమ్, ఇటు చూడు. ఓ, నీకు కనబడదు కదూ. అయితే విను. కెంటకీ. ఇరవై అంగుళాలు.”

“నోట్లో వేలు పెట్టావా బావా?”

“నేను చేపలు పడతానురా. పళ్ళ డాక్టర్ని కాదు.”

“నేను పెడతా. వదలకు, వస్తున్నా.”

“ఫొటో తీశాను. నీ వేలు ఎవడిక్కావాలి?”

“ఆంబ్రోస్ పేరు గీకించేముందు నాక్కావాలి.”

“చచ్చి ముప్ఫై ఏళ్ళయింది వాడు. ఇంకెన్నాళ్ళు వేలాడదీస్తాం గోడకి?”

క్లెమ్‌కి బావ పడవ ఒక పచ్చటి మసకలా తోచింది. ఆ పచ్చటి మసక మీదికి తెడ్డు వేశాడు. కయాక్ ముక్కు పోయి డెల్బర్ట్ పక్కటెముకల్లో దిగింది. లోపల ఏదో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. డెల్బర్ట్ ఊపిరి పీల్చుకోకుండానే తెడ్డెత్తి క్లెమ్ మెడ పక్క ఎముక మీద కొట్టాడు. సిస్టర్ పెర్పెచువా స్కేలు ఆ తెడ్డు ముందు నెమలీక.

“నీకు పిచ్చెక్కిందిరా.”

“చేప ఇటియ్యి.”

చేప దవడను పట్టిన పటకారుకు తాడు, తాడు డెల్బర్ట్ కయాక్‌కి. చేప పడవ పక్కన నీళ్ళలో కొట్టుకుంటోంది. క్లెమ్ తాడు అందుకోబోయాడు. డెల్బర్ట్ గాలపు కర్ర ఝాడించాడు, చివరనున్న మూడుకొక్కేల గాలం క్లెమ్ చెవిలో దిగింది. డెల్బర్ట్ లాగాడు. చెవి తమ్మె రెండుగా చీలింది. మెడమీదుగా రక్తం చొక్కాలోకి కారుతుంటే క్లెమ్ తెడ్డు బల్లెంలా పట్టి పొడిచాడు. డెల్బర్ట్ ముక్కు పక్కకి ఒరిగింది. అప్పుడు ఒకరి గొంతు ఒకరు దొరకబుచ్చుకున్నారు. రెండు కయాక్‌లూ కలిసి బోల్తా కొట్టాయి.

ఏప్రిల్ నీళ్ళు గుండెను పిడికిట్లో పెట్టి పిండాయి. క్లెమ్‌కి ఒకటే ధ్యాస. చేప పోతే సాక్ష్యం పోయినట్టే. బోర్లాపడ్డ కయాక్ కింద బురదనీళ్ళలో చేతులు ఆడించాడు. ఒక నోరు తగిలింది. తెరిచే ఉంది. బొటనవేలు లోపలికి దూర్చి నాలుక తడిమాడు.

నున్నగా ఉంది. పెద్దనోటిదే. అన్న పేరు నిలిచింది.

నాలుక వెచ్చగా కూడా ఉంది. చేప నాలుక వెచ్చగా ఉండదని తట్టేలోపే పళ్ళు మూసుకున్నాయి.

లంగరు తాడు డెల్బర్ట్ చీలమండకి చుట్టుకుని కిందికి లాగుతోంది. మునిగేవాడికి దొరికింది క్లెమ్ వేలు, దాన్ని వదిలే ఉద్దేశం ఆ పళ్ళకి లేదు. వేలు తెగుతోందో ఉందో తెలియకుండానే క్లెమ్ ఎడమచేత్తో నడుము దగ్గర కత్తి లాగి, కాలు తడిమి, తాడు కోశాడు. ఆ కోతలో కొంత డెల్బర్ట్ పిక్క కూడా ఉంది. తర్వాత, ఇన్నేళ్ళుగా కొన్ని వేల బాస్‌లను ఎలా ఎత్తాడో అలాగే ఎత్తాడు. వేలు నోట్లో, పిడికిలి గడ్డం కింద. బావను దవడ పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు. వెనకాలే బోర్లాపడ్డ డెల్బర్ట్ కయాక్ కొట్టుకొచ్చింది, దాని తాడు చివర ఇంకా చేప.

బండల మీద డెల్బర్ట్ నీళ్ళు కక్కాలంటే నోరు తెరవాల్సొచ్చింది. అప్పుడు గాని వేలు బయటికి రాలేదు. తెల్లటి ఎముక కనబడుతోంది.

“పందీ,” అన్నాడు క్లెమ్.

“నా నోట్లో వేలు పెట్టింది నువ్వు,” అన్నాడు డెల్బర్ట్, ముక్కులోంచి నెత్తురు బుడగలొస్తుంటే.

కాసేపు ఇద్దరూ రొప్పారు. క్లెమ్ పాక్కుంటూ వెళ్ళి తాడు లాగాడు. కుడి వేలికి స్పర్శ లేదు. ఎడమ బొటనవేలు చేప నోట్లో పెట్టాడు. నాలుక నడుమ గోరంత మేర గరుకు కాగితం. మళ్ళీ తడిమాడు. మూడోసారీ తడిమాడు.

“ఏంటది?” అన్నాడు డెల్బర్ట్.

 క్లెమ్ చేప నోట్లోంచి వేలు తీయలేదు. తుంపర ముదిరి వానైంది.

డెల్బర్ట్ డొక్క పట్టుకుని జరుగుతూ వచ్చాడు. క్లెమ్ చెయ్యి పక్కకి తోసి, జన్మలో మొదటిసారి తన బొటనవేలు చేప నోట్లో పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. చీలిన క్లెమ్ చెవి వంక చూశాడు, వేలు వంక చూశాడు.

“నున్నగా ఉంది,” అన్నాడు. “పెద్దనోటిదే.”

“బావా...”

“నున్నగా ఉందన్నాను కదరా.” పటకారు విప్పాడు. చేప ఒక్కసారి తోకాడించి పచ్చనీళ్ళలో కలిసిపోయింది. ఫొటో ఉన్న ఫోను ఎటూ చెరువు అడుగునే ఉంది.

పలక మీద ఆంబ్రోస్ పేరు అలాగే ఉంది. ఆదివారం పూజలో శాంతి చెప్పుకునే వేళ కట్లు కట్టిన మనుషులిద్దరూ ఎడమచేతులు కలుపుకుంటారు. రోజెల్లా ఎవరినీ ఏమీ అడగదు.

మొన్న వర్జీ కొట్టులో నేను ఈ కథంతా క్లెమ్ ఎదుటే చెబితే ఆయన కాఫీ కింద పెట్టకుండానే విన్నాడు.

“అంతా అబద్ధం,” అన్నాడు. “ఆ రోజు నేను చెరువుకే పోలేదు. వేలు ట్రక్కు తలుపులో పడింది.”

“మరి చెవి?” అంది వర్జీ.

“అదీ ఆ తలుపే.”