బాధ్యుల గడిలో పిన్ని పేరు

మా పిన్ని చేసే ఉద్యోగం ఏమిటో ఇరవై తొమ్మిదేళ్లయినా మా బాబాయికి అర్థం కాలేదు. "ఇళ్లకి నంబర్లు రాసే పనేగా," అంటాడు. దాదాపు అంతే. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి మిషన్‌కూ ఒక నంబరు కావాలి. ఆ నంబర్లను గుత్తులుగా సంస్థలకు ఇచ్చి, ఏ గుత్తి ఎవరిదో రాసిపెట్టే ఆఫీసులో పిన్ని గుమస్తా. పాత రికార్డులు కొన్నిటికి దిక్కూ మొక్కూ ఉండదు. ఆఫీసులో సభ్యత్వం ఉన్న ఏ సంస్థ వాటికి బాధ్యులో వెతికి, సంతకం తెప్పించి, ముడిపెట్టాలి. నేను వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను కనుక, ఈ గోలంతా రోజూ భోజనాల దగ్గర వినేదాన్ని.

పిన్నికి ఒక చాదస్తం ఉంది. రికార్డులో బాధ్యుల గడి ఖాళీగా కనిపిస్తే ఆవిడకు తోచదు. అసలువాళ్లు దొరికేదాకా ఉండనీ అని అందులో తన పేరే వేసేది. దొరకగానే తీసేసేది. రిటైరయ్యే వారానికి అలాంటిది ఒక్కటే మిగిలింది. శుక్రవారం సాయంత్రం పిన్ని పేరు సిస్టం నుంచి పోతుంది, దాంతోపాటు ఆ నంబర్లూ రద్దయి ఆఫీసుకు వెనక్కి పోతాయి. వాటి మీద నడుస్తున్నవి ఒక ఆసుపత్రిలో కిడ్నీ రోగుల రక్తం శుభ్రం చేసే పన్నెండు మిషన్లు. అవెలా పనిచేస్తున్నాయో వేరే భవనంలోని డాక్టరుకు తెలిసేది ఆ నంబర్ల వల్లే.

సోమవారం పిన్ని అక్కడ వైర్లు వేసిన కంపెనీకి ఫోన్ చేసింది. "మేం వైర్లు లాగినవాళ్లమేనండీ, నంబర్లు ఆసుపత్రివి," అన్నారు. ఆసుపత్రికి చేస్తే, "కంపెనీవాళ్లు తెచ్చినవే," అన్నారు. ఇద్దరూ సభ్యులే, ఇద్దరూ చేతులు దులుపుకున్నవాళ్లే. బుధవారానికి పిన్ని అడకత్తెరలో పోకచెక్క అయింది. గురువారం నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికే వెళ్లింది.

అక్కడ కంప్యూటర్లు చూసే పెద్దమనిషి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి, స్క్రీన్ మా వైపు తిప్పాడు.

"చూడండమ్మా. బాధ్యులు అన్నచోట మీ పేరే ఉంది."

"నేనే వేశానండీ. తాత్కాలికంగా."

"పదకొండేళ్ల నుంచా?"

పిన్ని కొంగు సర్దుకుంది.

"ఇంకొకళ్ల పేరున్నది మాదని నేనెలా సంతకం పెట్టను? రికార్డులో ఏముంటే అదే ఖాయమని మాకు రాసింది కూడా మీరే," అంటూ ఒక ఉత్తరం తీసి చూపించాడు. అడుగున సంతకం పిన్నిదే.

"మీరు సంతకం పెడితేగానీ నా పేరు తియ్యకూడదండీ."

"మీ పేరు తీస్తేగానీ నేను పెట్టలేనమ్మా."

నాకు తల తిరిగిపోయింది. ఇద్దరికీ చెరొకటి తగిలిద్దామనిపించింది. బయటికొస్తూ ఒక గది అద్దంలోంచి చూశాం. ఒక ముసలాయన చేతికి గొట్టాలతో పడుకుని పేపరు చదువుకుంటున్నాడు. పిన్నికి కళ్లనీళ్లు తిరిగాయి.

"నా చాదస్తం వీళ్ల ప్రాణాల మీదికి తెచ్చిందే," అంది.

శుక్రవారం ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి ఆఫీసుకు వెళ్లాను. వీడ్కోలు టీ నడుస్తోంది. పిన్ని కప్పు పక్కన పెట్టి, సీటు దగ్గరికి వెళ్లి, తన పేరు కొట్టేసి ఆసుపత్రి పేరు వేసింది. సంతకం లేకుండా. ఉద్యోగంలో తెలిసి చేసిన మొదటి తప్పు అది. తిట్లు తినడానికి సిద్ధపడి, ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి రికార్డు చూడమంది.

"ఆఁ, చూశానండీ. మాదే. ఫారం పంపండి, సంతకం పెట్టేస్తాను."

"నిన్న మీది కాదన్నారు కదండీ?"

"నిన్న మీ పేరుంది కదమ్మా."

గండం గడిచిందని నాకు ప్రాణం లేచొచ్చింది. పిన్ని మాత్రం ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఫారం పంపి, నాతో బస్సెక్కింది. దిగి నాలుగడుగులు వేశాక అడిగింది.

"అవి నిజంగా వాళ్లవేనంటావా?"

"ఒప్పుకున్నాడుగా పిన్నీ."

"కంపెనీ పేరు వేసుంటే కంపెనీవాళ్లూ ఒప్పుకునేవాళ్లేమో. ఏది ఎవరిదో ఇన్నేళ్లూ కనుక్కుంటున్నాననుకున్నానే. నేను రాశాను కాబట్టే వాళ్లవయ్యాయా?"

మొత్తం ఎన్ని ముడిపెట్టి ఉంటావని అడిగాను.

"నాలుగు వేల పైచిలుకు," అని, పిన్ని వీధి మెట్ల మీదే కూర్చుండిపోయింది.