సీపీయూ లోపల తడిగుడ్డ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా అమ్మ దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకి దగ్గి విసుక్కునేవాణ్ణి తప్ప ఎప్పుడూ భయపడలేదు. నాకున్నది భయం కాదు, అసహ్యం.

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో చాలా ఏళ్ళు ఇళ్ళకి వెళ్ళి కంప్యూటర్లు బాగుచేశాను. పైన పూలగుడ్డ కప్పి ముద్దుగా పెట్టుకున్న సీపీయూని విప్పితే లోపల ఏముంటుందో నన్నడగాలి. బొద్దింక గుడ్లు, ఎండిపోయిన బల్లి, ఎవరి తలవో వెంట్రుకలు. అలాంటిది విప్పిన రోజు అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

దానికి తోడు ఎర్ర దుమ్ము. కొండ మీంచి ముడి ఇనుము దిగే ఊరు కదా, ఆరేసిన బట్టల మీదా అదే, వండిన అన్నం మీదా అదే. పొడిగుడ్డతో తుడిస్తే పోదు సరికదా, ఇంకా పులుముకుంటుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్ళు టీవీ దగ్గర్నుంచి స్విచ్చిబోర్డు దాకా అన్నీ తడిగుడ్డతోనే తుడుస్తారు. అదే చేత్తో కంప్యూటర్ లోపల కూడా తుడిచేవాళ్ళున్నారు. ఆ దుమ్ములో ఉన్నది ఇనుము, దానికి తడి తగిలితే మిషన్ లేవదని ఎన్ని ఇళ్ళలో మొత్తుకున్నానో లెక్కలేదు.

ఆ వానాకాలం ఒక మంగళవారం రైల్వే క్వార్టర్స్ నుంచి సునీత అనే అమ్మాయి కబురు పెట్టింది. పాలిటెక్నిక్ ఆఖరి ఏడు. శుక్రవారం జగదల్‌పూర్ కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. అప్పటిదాకా టైపు చేసిందంతా ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది, కంప్యూటర్ లేవడం లేదు. రిపోర్టు ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువు మానేసి ఇల్లు చూసుకోమని తండ్రి అప్పటికే చెప్పేశాడట. తల్లి నూకరత్నం అంతకు రెండు నెలల ముందే ఆయాసంతో పోయింది.

తండ్రి పైడిరాజు గూడ్సు బండి గార్డు. మా నాన్నలాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, తాగిన గ్లాసులోనే ఉమ్మేస్తున్నాడు. నన్ను చూసి లేచి వచ్చి సీపీయూ మీద చూపుడువేలు గీసి, ఎర్రబడ్డ ఆ వేలిని కూతురి మొహం ముందు పెట్టాడు. ఆ పిల్ల గుడ్డ కోసం లోపలికి పరుగెత్తింది.

పెళ్ళానికి కూడా రోజూ ఇలాగే చూపించేవాడని పక్కింటావిడ తర్వాత చెప్పింది. డ్యూటీ దిగి రాగానే టీవీ మీద, కిటికీ మీద వేలు గీసేవాడట. ఆమెకి ఆయాసం ముదిరి, గోడ పట్టుకుని నడిచే రోజుల్లో కూడా మానలేదట. ఇది విన్నాక, ఆ మనిషి ఇచ్చిన మంచినీళ్ళు నేనెందుకు తాగానా అనిపించింది.

విప్పి చూస్తే బోర్డు మీద దుమ్ము పొడిగా లేదు. ఎర్రటి ముద్దలా అయి, దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పున ఎవరో తడిగుడ్డతో తుడిచిన చారలున్నాయి. గుప్పున మాగిన గుడ్డ వాసన కొట్టింది. లోపల తుడవకూడదని తెలియదా అని సునీతని కోప్పడ్డాను. తను ముట్టుకోలేదంది. నేను నమ్మలేదు. బ్రష్షుతో శుభ్రం చేసి, ర్యామ్ తీసి దాని అంచు రబ్బరుతో రుద్ది పెడితే లేచింది. ఆమె రిపోర్టు తెర మీద కనిపించింది. ఫ్లాపీ పెట్టేచోటు దుమ్ముతో పూడిపోయింది కాబట్టి మర్నాడు పెన్ డ్రైవ్ తెస్తానని చెప్పి వచ్చేశాను.

బుధవారం వెళ్ళేసరికి మళ్ళీ లేవడం లేదు. బటన్ నొక్కితే ఫ్యాను సగం తిరిగి ఆగిపోతోంది. విప్పాను. నేను శుభ్రం చేసి వెళ్ళిన బోర్డు మీద మళ్ళీ తడి, మళ్ళీ అవే చారలు.

హార్డ్ డిస్కు ఇస్తే నా షాపులో పెట్టి రిపోర్టు తీసిస్తానన్నాను. పైడిరాజు ఒప్పుకోలేదు.

"నిన్న పార్టు మార్చీసినావు. ఇయాల డిస్కు కూడా అట్టుకుపోదామనేటి? ఏం చేసినా నా కళ్ళెదురుగా చెయ్యి."

ఒళ్ళు మండింది. ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. తడి తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, మూత బిగించాను. మళ్ళీ నా మీద నింద రాకుండా స్క్రూల మీద కాగితాలు అంటించి అతని చేతనే సంతకం పెట్టించాను. అతను ఆ గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. రాత్రంతా ఆరితే పొద్దున్న లేస్తుందని నేను సునీతకి మాటిచ్చాను.

గురువారం పొద్దున్న తాళం అతనే తీశాడు. కాగితాలు ఎక్కడా చిరగలేదు. అతని సంతకాలు అలాగే ఉన్నాయి. బటన్ నొక్కితే లేవలేదు. నేనే కాగితాలు చింపి మూత తీశాను.

లోపల అద్దంలా ఉంది. అంత శుభ్రంగా ఏ సీపీయూనీ నేను చూడలేదు. ఫ్యాను రెక్కల సందుల్లో, వైర్ల కింద, నా బ్రష్షు వెళ్ళని మూలల్లో కూడా దుమ్ము రేణువు లేదు. అంతా తడి. ఇందాకే తుడిచినట్టు బోర్డు మీద నీటి చార ఇంకా మెరుస్తోంది. అదే మాగిన గుడ్డ వాసన.

పైడిరాజు వంగి, అలవాటు చొప్పున లోపల వేలు గీశాడు. వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. ఆ వేలికి ఏమీ అంటలేదు.

అప్పుడు సునీత తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. నన్ను చూడలేదు, తండ్రినీ చూడలేదు. తెరిచిన సీపీయూ వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"అమ్మా, ఇంక చాలమ్మా. నాన్న చూసీసారు. వేలికి ఏటీ అంటలేదు."

చెయ్యి చాపి తనే బటన్ నొక్కింది. వద్దని నేను అనేలోపే ఫ్యాను తిరిగింది. తడి బోర్డు లేవకూడదు. కాలిపోవాలి. అది లేచింది. రిపోర్టు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిందాకా ఒక్కసారి కూడా ఆగలేదు. మిగిలిన పేజీలు ఆమె నా షాపులో టైపు చేసుకుని, శుక్రవారం తెల్లారే బస్సుకి వెళ్ళింది. మళ్ళీ ఆ క్వార్టర్స్‌కి తిరిగి రాలేదని విన్నాను. మంచి పని చేసింది.

ఆ తడి సంగతి నేను చాలామందిని అడిగాను. వానాకాలం చెమ్మ అన్నారు, కప్పు కారి ఉంటుందన్నారు. చెమ్మ పడితే దుమ్ము ముద్ద కడుతుంది తప్ప మాయమైపోదు. కప్పు కారితే మూత మీద కూడా మరక ఉండాలి. లేదు. తండ్రి గానీ కూతురు గానీ చేశారనుకుందామంటే ఆ కాగితాలు అడ్డం వస్తున్నాయి.

ఆ రోజు నాకు భయం వెయ్యలేదు. ఇప్పుడు తలుచుకున్నా వెయ్యదు. ఊపిరాడక పోయిన మనిషికి పోయాక కూడా ఆ తుడిచే పని తప్పలేదా అని అసహ్యం వేస్తుంది. అది ఆవిడ కాదని, ఫలానా కారణమని ఎవరైనా నాకు చెప్పగలిగితే వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. ఇన్నాళ్ళూ వెతికాను, నాకు దొరకలేదు.