మాట్లాడుకున్న జీపులు

డుంబ్రిగుడ సంతకు జీపు తోలే సోంబరుకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వచ్చింది పోవడానికి మాత్రం రెండేళ్లు కూడా చాల్లేదు. ఆ కోపం గాసి మీద. గాసి అంటే సోంబరు భార్య రత్నకు సొంత అన్న, అదే దారిలో జీపు తోలేవాడు. సోంబరు కోసం కాచుకున్న పెళ్లివాళ్లను ఒకనాడు గాసి ముందే వచ్చి ఎక్కించుకుపోయాడు. అంతే, మాటలు బంద్.

అంతకుముందు ఘాటు రోడ్డు గుడ్డి మలుపులో వాళ్లిద్దరికీ ఒక పద్ధతుండేది. ఎక్కే జీపు రెండు హారన్లు కొడితే దిగే జీపు ఒకటి కొట్టి ఆగేది. గొడవయ్యాక సోంబరు కొట్టడు, గాసి పలకడు. మధ్యలో రత్న నలిగిపోయింది. గాసి కబుర్లు లేని సంత రోజు సోంబరుకూ ఉప్పులేని అంబలిలాగే ఉండేది. కానీ ముందు తగ్గేదెవరు?

2007లో విశాఖ నుంచి సిల్వియా అనే పరిశోధకురాలు వచ్చింది. మలుపు అవతలి బండి సంగతి ఇవతలి బండికి రేడియోలో ముందే తెలియాలని ఆవిడ పట్టుదల. మైదానంలో చక్కగా పలికిన పరికరం ఇక్కడ కొండ అడ్డొచ్చి మూగబోయింది. నానా తంటాలు పడి సరిచేసి, ఈ ఇద్దరి జీపుల మీదా ఒక్కో పెట్టె అతికించింది. పెట్టె తనెక్కడుందో చెబుతూనే ఉంటుంది. రెండో బండి పెట్టె దగ్గరపడితే డ్రైవరు ముందు విడిగా బిగించిన ఎర్ర లైటు వెలుగుతుంది. ముందుముందు బండి తనంతట తానే బ్రేకు కూడా వేసుకుంటుందట.

కొండనూ వాననూ మంచునూ లెక్కలోకి తీసుకున్న సిల్వియా, సోంబరును మాత్రం తీసుకోలేదు. తన జాడ పసిగట్టి గాసి మళ్లీ జనాన్ని ఎగరేసుకుపోతాడని అతని అనుమానం. అందుకే సంత రోజు తెల్లవారగానే పెట్టె ఊడబీకి, కొండ కింద టీ కొట్టు రమణికిచ్చి దాచమన్నాడు. అప్పుడు జీపులో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. అంటే గాసి ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, ఇంకా పైకి పోలేదు. సోంబరు ఉత్సాహంగా ఘాటెక్కాడు.

మలుపులో లైటు వెలగలేదు. ధీమాగా స్టీరింగు తిప్పాడు. ఎదురుగా గాసి జీపు!

రెండు బ్రేకులూ కీచుమన్నాయి. బంపర్ల మధ్య జానెడు జాగా మిగిలింది. గాసి పక్క సీట్లో, పుట్టింటి నుంచి వస్తూ, ఒళ్లో కోడిపుంజుతో రత్న కూర్చుని ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పుంజు ఒక పక్కా రత్న ఒక పక్కా అందుకున్నారు. ఇద్దరికీ కలిపి పెట్టింది రత్న గడ్డి.

సిల్వియా చూసేలోగా పెట్టె తెచ్చుకోవాలని సోంబరు కిందికి తిప్పాడు. గాసి కూడా వెనకే వచ్చాడు. సిల్వియా అప్పటికే కొట్లో కూర్చుని ఉంది. రమణి బల్ల కింద గోనె తొలగించింది. రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. సోంబరుకన్నా ముందే గాసి కూడా అదే పని చేసిపోయాడు.

"పొద్దుట్నుంచి ఇవి రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నాయి," అంది సిల్వియా తల పట్టుకుని.

గాసి పెట్టెలవైపు చూసి మెల్లగా అన్నాడు. "మనకన్నా ఇయ్యే నయం కదేటి, బావా."

ఆ 'బావా' విని ఎన్నాళ్లయిందో. సోంబరుకు నవ్వొచ్చింది.

"బేగి టీ తాగు. జనం కాసుకున్నారు," అన్నాడు.

ఈసారి సిల్వియా పెట్టెలకు బోల్టులు బిగించింది. తర్వాతి సంతకు సోంబరు ఘాటెక్కుతుంటే మలుపులో ఎర్ర లైటు ఠంచనుగా వెలిగింది. అయినా రెండు హారన్లు కొట్టి, చెవులు రిక్కించాడు. అవతల నుంచి ఒకటి మోగింది.